ఆరున్నొకటి

తిరుమలయ్య బొరుగుల అంగడి ముందు ఆగిన తెల్లకారును అక్కడే వదిలేసి పోయిన వారం మనం లేచి మన పనుల మీద వెళ్లిపోయాం. పాపం, అందులోని మనిషి ఇంకా దిగనే లేదు. ఆయన తలుపు తీసుకుని, చెప్పులు సర్దుకుని దిగేలోపు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

బనగానపల్లె బజారులో బొరుగులు, అదే మరమరాలు, పుట్నాలు, వేయించిన శనగలు అమ్మే అంగడి అది. గల్లాపెట్టె దగ్గర తిరుమలయ్య కూర్చుంటాడు. శేరు పట్టుకుని కొలిచే పని మాత్రం కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మది. ఇంకెవరినీ ఆ శేరు ముట్టనివ్వదు. కొడుకు వేణుగోపాల్ బట్టీల చుట్టూ తిరిగి సరుకు తెస్తాడు. కోడలు శ్రీవాణి ఫోనులో వచ్చే ఆర్డర్లు చూసుకుంటుంది. ఈ నలుగురికీ కలిపి ఒక్కతే పిల్ల, ఎనిమిదేళ్ల శ్రీవాసవి. ఆ పిల్లది మామూలు తెలివి కాదనీ, కర్నూలులో మేధా సమాజమని ఒకటి ఉందనీ, ఐక్యూ పరీక్షలో నెగ్గిన పిల్లలను అందులో చేర్చుకుంటారనీ బళ్లో అయ్యవారు చెప్పాడు. అమ్మానాన్నలు ఎగిరి గంతేసి పిల్లను తీసుకుపోయి పరీక్ష పెట్టించారు. రాజ్యలక్ష్మమ్మ మాత్రం ససేమిరా అంది.

"తెలివికి సంఘమేందప్పా? చారు బాగా కాచేవాళ్లకు సంఘం ఉండాదా? నిద్ర బాగా పోయేవాళ్లకు ఉండాదా? ఉంటే మీ నాయనను ప్రెసిడెంటుగా పెడతారు" అని కొడుకును దులిపేసింది. తిరుమలయ్య ఎప్పట్లాగే, చివర ఎవరు మాట్లాడితే వాళ్ల పక్షాన ఉండిపోయాడు.

ఆ పరీక్ష పెట్టిన సుందరం గారే ఇప్పుడు కారు దిగుతున్నది.

మనిషి సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. మద్రాసులో పెరిగిన తెలుగువాడు. అహోబిలం పోతూ దారిలో ఆగానన్నాడు. తిరుమలయ్య స్టూలు తుడిచి వేశాడు. శ్రీవాణి మజ్జిగ తెచ్చింది. రాజ్యలక్ష్మమ్మకు ఆయన రాక కంట్లో నలుసులా ఉన్నా, ఇంటికొచ్చిన మనిషిని ఉత్త నోటితో కూర్చోబెట్టడం ఆమెకు చేతకాదు. బొరుగుల్లో ఉప్పూకారం, నూనె, ఉల్లిపాయ ముక్కలు కలిపి పళ్లెం చేతికిచ్చింది. శ్రీవాసవి బడి సంచీ భుజాన్నుంచి తీయకుండానే గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

"పాప చాలా బాగా చేసింది" అని మొదలుపెట్టాడు సుందరం.

ఆ మాట తీరులోనే వేణుగోపాల్‌కు ఏదో తేడా కొట్టింది. "కానీ... అంటారా సార్?"

"కానీ, చేర్చుకోవడానికి కావలసిన దానికి కొంచెం తక్కువైంది. కొంచెమే."

వేణుగోపాల్ మొహం వాడిపోయింది. శ్రీవాణి కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది, తడి లేకపోయినా. రాజ్యలక్ష్మమ్మకు మాత్రం గుండెల మీది బరువు దిగిపోయింది. దాచడమెందుకు, ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే ఇంకో గుప్పెడు బొరుగులు తెచ్చి ఆయన పళ్లెంలో పోసింది.

ఆ సంతోషం మనవరాలి వైపు చూసేవరకే. పిల్ల ఏడవలేదు. మొండికేయలేదు. బడి సంచీ వారును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, నేల చూపులు చూస్తోంది. అడిగినదేదో అంగట్లో లేదంటే వెనుదిరిగే బేరం మనిషిలా, మెల్లగా తలుపు వైపు జరిగింది.

"ఇది ఫోనులోనే చెప్పేసి ఉండవచ్చు" అన్నాడు సుందరం. "ఒక సంగతి అంతుపట్టక వచ్చాను. అన్ని ప్రశ్నలూ దాటేసింది పాప. అంకెల దగ్గర తడబడింది. నేను కొన్ని అంకెలు చెబుతాను, వాటిని చివరి నుంచి మొదటికి తిరిగి చెప్పాలి. పాప ఉన్నట్టుండి ఒక అంకె బదులు రెండు చెప్పేది. ఆరు, ఒకటి అనేది. నేను చెప్పని అంకెలు! తప్పు వేయక ఏం చేయను? ఇంత తెలివిగల పిల్ల, ఇంత చిన్నదానిలో ఎందుకు..."

ఆయన మాట పూర్తికాకముందే బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని వండి అమ్మే హోటలు నడిపే గిడ్డయ్య సంచీ దులుపుకుంటూ అంగడి మెట్లెక్కాడు.

"అమ్మా, పది శేర్లు కొలువమ్మా. పొయ్యి మీద నూనె పెట్టి వచ్చినా" అన్నాడు.

రాజ్యలక్ష్మమ్మ ఇత్తడి శేరు తీసుకుని బొరుగుల మూటలో ముంచింది. ఆమె కొలుస్తుంటే చూడాలి. శేరు మునగడం, తల మీద గోపురంలా నిలవడం, సంచీలోకి గలగలమని జారడం, అన్నీ ఒక్క ఊపులో అయిపోతాయి. దానికి తగ్గట్టు నోట్లో పాటలాంటి లెక్క.

"లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది..."

సుందరం దిగ్గున లేచాడు. పళ్లెం ఒరిగి బొరుగులు నేల మీద చెల్లాచెదురయ్యాయి. "మామ్మగారూ! ఇప్పుడు ఏమన్నారు?"

"ఎనిమిది అంటి" అంది రాజ్యలక్ష్మమ్మ, లెక్క తప్పుతుందన్న చిరాకుతో.

"దానికి ముందు?"

"ఆరున్నొకటి."

"ఆరున్నొకటా? అదేం అంకె?"

గిడ్డయ్య నవ్వాడు. "సార్‌కు తెలీదు మాదిరి ఉండాది. కొలిచేటప్పుడు ఆ అంకె అనరు సార్. మొదటి శేరును లాభం అంటారు. ఆరు దాటినాక ఆరున్నొకటి అంటారు. ఆ మాట అనరు."

"ఏ మాట?"

గిడ్డయ్య ఒక చేతి వేళ్లన్నీ, రెండో చేతివి రెండు వేళ్లూ ఎత్తి చూపించాడు.

"ఏడా?" అన్నాడు సుందరం, గట్టిగా.

తిరుమలయ్య గల్లాపెట్టె మీద రెండు అరచేతులూ కప్పేశాడు. "నారాయణ, నారాయణ! అంగడి నడిమధ్య నిలబడి ఎవరినప్పా ఏడవమంటాండావు?"

అప్పుడు అర్థమైంది సుందరానికి. నుదురు కొట్టుకున్నాడు. ఏడు అంటే అంకె, ఏడు అంటే ఏడవమని. గింజ కొలిచేచోట ఏడుపును పేరు పెట్టి పిలవరు. ఆయన జేబులోంచి ఫోను తీసి, ఆ రోజు పరీక్ష గదిలో రికార్డు చేసుకున్నది వినిపించాడు. శ్రీవాసవి గొంతు ఖంగుమంది. "రెండు, తొమ్మిది, ఆరున్నొకటి, మూడు." అంతా సరిగ్గానే చెప్పింది. తడబాటు లేదు, తొట్రుపాటు లేదు. విన్న చెవికే తెలుగు చాలలేదు.

"నా మనవరాలు తప్పు చెప్పలే!" అన్నాడు తిరుమలయ్య, ఉన్నట్టుండి సంఘం పక్షాన నిలబడి. వేణుగోపాల్ అయితే తల్లి వైపు చూసి నవ్వాలో కోప్పడాలో తెలియక, "అమ్మా, నీ లెక్క చేసిన పని చూసినావా!" అన్నాడు.

సుందరం బయటికి వెళ్లి ఎవరికో ఫోను చేసి మాట్లాడి వచ్చాడు. వచ్చినప్పుడు ఆయన మొహంలో వెలుగు సగమే ఉంది.

"వేసిన మార్కును నేను దిద్దకూడదట. అది వాళ్ల నియమం. అయితే ఇంకోసారి కూర్చోనిస్తారు, వచ్చే ఆదివారం. ఈసారి పరీక్ష పెట్టేది నేను కాదు, హైదరాబాదు నుంచి వేరే ఆవిడ వస్తారు. ఆవిడకు ఈ కొలత లెక్కలు చెప్పి ఒప్పించలేం. అంకెకు ఒక్క మాటే ఉండాలి. ఏడు అంటే ఏడు అనాలి."

"ఇంగ్లీషులో సెవెన్ అంటే సరిపోతుంది కదా సార్?" అంది శ్రీవాణి.

"తెలుగులో మొదలుపెట్టాం కదమ్మా. తెలుగులోనే ముగించాలి."

"అంతే కదా!" వేణుగోపాల్ చేతులు దులుపుకున్నాడు. "దానికేం భాగ్యం! వాసవీ, రామ్మా. సార్‌కు ఒకసారి చెప్పి చూపించు. ఏడు అను."

శ్రీవాసవి తల అడ్డంగా ఊపింది.

"అను పాపా."

"నేను అనను నాన్నా."

"ఎందుకు అనవు?"

"జేజి అనొద్దన్నాది."

అందరూ రాజ్యలక్ష్మమ్మ వైపు తిరిగారు. కొడుకు, కోడలు, మొగుడు, సుందరం, నూనె పొయ్యి మీద పెట్టి వచ్చానన్న సంగతి మరిచిపోయి గోడకు ఆనుకుని శనగలు నములుతున్న గిడ్డయ్య. ఆమె చేతిలో శేరు చేతిలోనే ఉంది.

ఎంత సులువైన సంగతి చూడండి. ఆమె వద్దని వాదించాల్సిన పని లేదు. కొడుకుతో గొడవపడాల్సిన పని లేదు. ఊరికే ఉంటే చాలు. పిల్ల ఆ మాట అనదు, ఆదివారం వచ్చి పోతుంది, సంఘం సంగతి అంతటితో సరి. బడి వదిలిపెట్టగానే మనవరాలు రోజూ వచ్చి ఈ మూటల మీదే కూర్చుంటుంది. ఆమె పక్కనే, ఆమె కబుర్ల మధ్యనే. సంఘంలో చేరితే ఇవాళ కర్నూలు అంటారు, రేపు హైదరాబాదు అంటారు. నీ అంతటివాళ్లు లేరని పదిమందీ అంటుంటే, బొరుగులు కొలిచే జేజి ఒక పూట ఆ పిల్ల కంటికి ఆనకుండా పోతుంది. రాజ్యలక్ష్మమ్మ భయమంతా అదే. పిల్లకు దిష్టి తగులుతుందని పైకి చెప్పేది గానీ, లోపల ఉన్నది ఇది.

"మీరు మాట్లాడుకోండి. నేను ఇక్కడే కూర్చుంటాను" అని సుందరం నేల మీది బొరుగులు ఏరడం మొదలుపెట్టాడు.

శ్రీవాసవి అప్పటికే వెనక గోడౌన్లోకి వెళ్లిపోయింది. కాసేపు అటూ ఇటూ చూసి, రాజ్యలక్ష్మమ్మ కూడా మోకాళ్లు పట్టుకుంటూ లోపలికి నడిచింది.

గోడౌన్లో వేడి ఇసుకలో వేగిన బియ్యపు వాసన. రెండు మూటల సందున పిల్ల ముడుచుకుని కూర్చుంది. ముందర నేల మీద బొరుగు గింజలను ఒక వరసలో పేరుస్తోంది.

"జరుగుమే, నేనూ కూర్చుంటా" అంది రాజ్యలక్ష్మమ్మ. మనవరాలు జరిగింది. జేజి నడుము మూటల మధ్య పట్టడానికి ఇద్దరూ కాస్త కుస్తీ పట్టాల్సి వచ్చింది.

"ఒక మాట అడుగుతా, చెప్పు. ఆ సారు దగ్గర ఒకటిని ఒకటే అంటివంట. లాభం అనలేదేం?"

"అది అంగట్లో అనేది కదా జేజీ. ఆ సారుకు ఏం లాభం?"

రాజ్యలక్ష్మమ్మకు నవ్వు ఆగలేదు. పిల్ల కూడా పెదవి బిగబట్టి నవ్వింది.

"మరి ఇంత తెలిసినదానివి, ఆ రెండో మాటను ఏంటికి పట్టుకుంటివి? అదీ అంగట్లో మాటే కదా?"

పిల్ల చెయ్యి గింజల మీదే ఆగిపోయింది. "నీకు గుర్తు లేదా?"

"ఏంది?"

"నేను శానా చిన్నగా ఉండినప్పుడు. నువ్వు కొలుస్తాంటివి, నేను మూట మీద కూర్చోని నీతోపాటు చెబుతాంటి. నువ్వు ఆరున్నొకటి అంటే, అది తప్పు అని నేను గట్టిగా అరిస్తి. ఆ మాటే అరిస్తి. నువ్వు అట్ల అనగూడదని నా నోరు మూస్తివి. అప్పుడే ఫోన్ మోగె. ప్రొద్దుటూరు నుంచి."

రాజ్యలక్ష్మమ్మ పిల్ల వైపు తిరిగింది. ప్రొద్దుటూరు ఫోను ఆమె మరిచిపోలేదు. తమ్ముడు పోయిన కబురు అది. శేరు ఎక్కడ పడేసిందో, కారు ఎవరు మాట్లాడారో, ఏ చీరతో బయలుదేరిందో కూడా గుర్తుంది. పక్కన మూట మీద ఒక పిల్ల ఉందనీ, ఆ పిల్ల ఒక మాట అందనీ మాత్రం గుర్తు లేదు.

"నువ్వు ఈ నేల మీదనే పడి ఏడిస్తివి జేజీ. నేను ఆ మాట అంటి. నువ్వు ఏడిస్తివి."

"అయ్యో నా తల్లీ! మా తమ్మునికి గుండె జబ్బు. శానా కాలం నుంచి మంచాన ఉండినాడు. నీ మాటకూ దానికీ ఏం సంబంధం?"

"నాకు తెలుసు." పిల్ల చాలా ఓపికగా చెప్పింది. "ఒకదాని వెనక ఇంకొకటి వచ్చినంత మాత్రాన, మొదటిది చేసినందుకే రెండోది అయినట్టు కాదు. నాకు తెలుసు జేజీ. తెలిసినా అనబుద్ధి కాదు."

ఇంత పిల్ల ఇన్నేళ్లుగా ఈ బరువును మోస్తోంది. తల్లికి చెప్పలేదు, తండ్రికి చెప్పలేదు. సంఘం పోయినా సరే, జేజి ఏడవకుండా ఉంటే చాలనుకుంది. ఎవరైతే తనను మరిచిపోతుందని తాను భయపడిందో ఆ పిల్ల! ఆమె మనవరాలి తల తన భుజానికి అదుముకుంది. జుట్టు నిండా బొరుగుల పొట్టు.

ఆ పొట్టు దులుపుతూ అడిగింది. "ఒట్టు పెట్టి చెప్పు. ఆ సంఘం నీకు కావాల్నా? ఈడ నేను లేనా నీకు?"

"నువ్వు ఉండావు. కానీ నువ్వు ముసలిదానివి కదా."

"అబ్బో! బళ్లో పిల్లోళ్లు లేరా?"

"ఉండారు. నేను ఏమన్నా చెబితే మొగాలు చూసుకుంటారు. అందుకని నాకు తెలీనట్టే ఉంటా. అట్ల ఉంటే ఆటకు పిలుస్తారు." గొంతు తగ్గించి, ఏదో దాచుకున్న తీపి బయటికి తీసినట్టు చెప్పింది. "కర్నూలులో ఒక పాప ఉండె జేజీ. శివకుమారి. ఆదోని దిక్కు పల్లె. వాళ్లమ్మ ఈరక్క, వాళ్ల నాయన బసవరాజ్. సేద్యం చేస్తారంట. పరీక్షకు పిలిచేవరకూ మేమిద్దరం కిటికీ దగ్గర నిలబడి, పోయే బండ్ల నంబర్లతో ఆట ఆడుకుంటిమి. ఆట నేనే కనిపెడితి. నేను చెప్పడం అయిపోకముందే ఆ పాపకు అర్థమైపోయె. నేను ఆగి మళ్ల చెప్పాల్సిన పని లేకపోయె జేజీ! ఒక్కసారి గూడ!"

అలాంటి మొహం మనవరాలిలో రాజ్యలక్ష్మమ్మ ఎప్పుడూ చూడలేదు. రోజూ పక్కనే కూర్చునే పిల్ల! తాను చెప్పే కబుర్లన్నీ వింటుంది కాబట్టి పిల్లకు మాటలకేం కొదవ అనుకుంది. పిల్ల వినేదే తప్ప, తన మాట వినేవాళ్లు దానికి ఎవరూ లేరని ఆమెకు ఇన్నాళ్లూ తోచనేలేదు.

"నీ ఫోన్ నంబరు ఆ పాపకు చెప్పినా" అంది శ్రీవాసవి. "నీ నంబరులో ఆరున్నొకటి ఉండాది కదా. అట్లనే చెప్పినా. ఆ పాప నవ్వలే. వాళ్లమ్మ గూడ జొన్నలు కొలిచేటప్పుడు అట్లనే అంటాదంట. ఆ పాపకు సంఘంలో చోటు వస్తాది, నాకు తెలుసు. నెలకొకసారి అందరూ కలుస్తారంట. నేను పోకపోతే, ఆ పాపకు వేరే పాప దొరుకుతాది."

ఇంక వినలేకపోయింది రాజ్యలక్ష్మమ్మ. మూట మీద చెయ్యి ఆనించి లేచింది.

"రామే."

"యాడికి?"

"నువ్వు రా."

ఆమె అంగట్లోకి వచ్చేసరికి ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. "గిడ్డయ్యా! ఇంకా పోలేదా నువ్వు?"

"పోతాండా అమ్మా, పోతాండా" అన్నాడు గిడ్డయ్య, శనగలు గబగబా మింగి.

"పోవద్దు. ఆ సంచీ ఇట్ల తే."

తీసుకుని, కొలిచిన బొరుగులన్నీ మళ్లీ మూటలోకి బోర్లించింది. తిరుమలయ్య నోరు తెరిచాడు. అంగడి పెట్టినప్పటి నుంచి, ఒకసారి కొలిచిన సరుకు సంచీలోంచి వెనక్కి రావడం ఆయన చూడలేదు. "ఏమే, ఏం చేస్తాండావు?"

"మీరు ఊరికే ఉండండి."

శేరు ముంచింది. "లాభం." గలగలమంది. "రెండు." మనవరాలు ఆమె కొంగు పట్టుకుంది. "మూడు... నాలుగు... అయిదు..." చెయ్యి మామూలు ఊపులోనే పోతోంది, గొంతే కొంచెం కొంచెం దిగుతోంది. "ఆరు."

శేరు మళ్లీ నిండింది. ఆమె దాన్ని సంచీ మీదికి తెచ్చి అలాగే పట్టుకుంది. ఇది వట్టి అంకె అని ఆమెకూ తెలుసు. తెలిసినా అనబుద్ధి కాలేదు. ఆ మాట అనొద్దని అత్త చెప్పింది, అమ్మ చెప్పింది. కొంగు పట్టుకున్న చిన్న చెయ్యి బిగుసుకుంది.

"ఏడు" అంది రాజ్యలక్ష్మమ్మ.

శేరు వంచింది. బొరుగులు ఎప్పట్లాగే జారాయి. అంగడి కూలలేదు. గల్లాపెట్టె మీద తిరుమలయ్య చేతులు మాత్రం ఈసారి కదలలేదు. ఆయన భార్యనే చూస్తున్నాడు. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"చూసినావా, ఏడ్చినావు!" అంది శ్రీవాసవి భయంగా.

"ఇది ఏడుపు కాదుమే. బొరుగుల దుమ్ము." కొంగుతో కళ్లొత్తుకుని నవ్వింది. "ఒకవేళ ఏడిస్తే ఏడిస్తి. ఏడిస్తే ఏమైతాది? మళ్ల లేచి కొలుస్తా. నా ఏడుపుకు నువ్వు కాపలా కాయద్దు తల్లీ. నీ అంకెలు నువ్వు చెప్పుకో. పో, ఆ పాప దగ్గరికి పో. ఆదివారం నేనే బస్సెక్కించి తీసుకపోతా."

శ్రీవాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేణుగోపాల్‌కు ఏదో అర్థమైంది, ఏదో కాలేదు, అయినా తల్లి చేతిలోని శేరును మెల్లగా అందుకోబోయాడు.

"ముట్టొద్దు! నా శేరు నేనే కొలుస్తా" అని గదిమి, మనవరాలి ముందుకు వంగింది. "ఊ, ఇప్పుడు నువ్వు అను. ఒక్కసారి. జేజి కోసం."

శ్రీవాసవి అందరి మొహాలూ చూసింది. చివరకు జేజి మొహం దగ్గర ఆగింది. రెండు చేతులతో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలా చిన్నగా అంది.

"ఏడు."

గల్లాపెట్టె పక్కన ఫోను మోగింది.

రాజ్యలక్ష్మమ్మ ఫోనే అది. పిల్ల కళ్లు తెరవలేదు. జేజి చేతిని మాత్రం ఇంకా గట్టిగా అదుముకుంది. ఫోను మోగుతూనే ఉంది.

"ఏముండాది, ఎవరో బేరం వాళ్లయి ఉంటారు" అంటూ రాజ్యలక్ష్మమ్మ ఖాళీగా ఉన్న చేత్తో ఫోను తీసి చెవికి పెట్టుకుంది. పేరు లేని కొత్త నంబరు. "ఎవరప్పా?"

అవతల మాట లేదు. ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఆ వెక్కిళ్ల మధ్య నుంచి, చాలా దూరం నుంచి, ఒక చిన్నపిల్ల గొంతు వచ్చింది.

"శ్రీవాసవి వాళ్ల అవ్వనా? నేను శివకుమారిని అవ్వా... శ్రీవాసవికి చెప్పు... నేను ఇంక యాడికీ రాను. మా నాయన ఇంట్ల..."

లైను తెగిపోయింది.

రాజ్యలక్ష్మమ్మ ఫోనును చెవికి అలాగే ఆనించి ఉంచింది, ఇంకా వింటున్నట్టు.

శ్రీవాసవి ఒక కన్ను తెరిచింది.

"ఎవరు జేజీ? ఎవరన్నా ఏడుస్తాండారా?"